ఒంటెద్దు బండి, జోడెద్దుల బండి: యూనరీ ఆపరేటర్లు ఉన్న లైను తప్పు లేకుండా చదవడం ఎలా

ఖమ్మంలో మా ఇంటి ముందు గదిలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా డిప్లొమా, బీటెక్ పిల్లలకు సీ, జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ చెబుతుంటాను. 14 ఏళ్లుగా ఇదే పని. పాయింటర్ల దగ్గర తడబడే పిల్లల్ని చూశాను, రికర్షన్ అంటే భయపడే పిల్లల్ని చూశాను. కానీ ఒక చిన్న మైనస్ దగ్గరో, ఒక ప్లస్ ప్లస్ దగ్గరో మార్కులు పోగొట్టుకుని వచ్చిన పిల్లల్ని చూసినప్పుడు కలిగే బాధ వేరు. పెన్సిల్ పట్టుకుని రెండు నిమిషాలు కూర్చుంటే ఆ మార్కులు వచ్చేవి. నేను క్లాసులో చెప్పే ఆ పెన్సిల్ పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేర్లు. ఆపరేటర్‌ని బండి అనుకోండి, అది ఏ విలువ మీద పనిచేస్తుందో ఆ ఆపరాండ్‌ని ఎద్దు అనుకోండి. క - ఖ అన్నప్పుడు మైనస్‌కు అటొకటి, ఇటొకటి, రెండు ఎద్దులు. జోడెద్దుల బండి. దాన్ని బైనరీ ఆపరేటర్ అంటారు. -క అన్నప్పుడు ఒక్కటే ఎద్దు. ఇది ఒంటెద్దు బండి, యూనరీ ఆపరేటర్. బండి అదే, గుర్తు అదే. ఎన్ని ఎద్దులు కట్టారన్నదే తేడా.

నిజానికి మాట్లాడేటప్పుడు మనం ఒంటెద్దు బండ్లు రోజూ తోలుతూనే ఉంటాం. సత్యం ముందు ఒక అక్షరం తగిలిస్తే అసత్యం. మంచిది వెనక ఒక మాట తగిలిస్తే మంచిది కాదు. ముందు తగిలేది ప్రిఫిక్స్, వెనక తగిలేది పోస్ట్‌ఫిక్స్. ప్రోగ్రామింగ్‌లో మైనస్, ప్లస్, ఆశ్చర్యార్థకం (!), టిల్డా (~) ఇవన్నీ ముందు తగిలేవి. ++ (విలువను ఒకటి పెంచేది), -- (ఒకటి తగ్గించేది) మాత్రం ముందూ తగులుతాయి, వెనకా తగులుతాయి.

ఉదాహరణల్లో వేరియబుల్ (విలువ దాచుకునే పెట్టె) పేర్లు క, ఖ అని తెలుగులోనే రాశాను. పైథాన్ 3, జావా, జావాస్క్రిప్ట్ మూడూ తెలుగు అక్షరాల పేర్లు ఒప్పుకుంటాయి, కాబట్టి ఉన్నవి ఉన్నట్టే టైపు చేసి చూసుకోవచ్చు.

మొదటి పని: లైనును ముక్కలు చేయడం

కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్, లైనును ఎడమ నుంచి కుడికి చదువుతూ, ప్రతిసారీ వీలైనంత పొడుగు ముక్క కోసుకుంటుంది. ఈ లైను చూడండి:

క---ఖ

ముందు క తీసుకుంది. తర్వాత ఒక మైనస్ కనబడింది. పక్కనే ఇంకోటి ఉంది, రెండూ కలిస్తే -- అనే గుర్తు అవుతుంది కదా, అందుకని రెండూ కలిపి కోసేసింది. మూడో మైనస్ ఒంటరిగా మిగిలింది. అంటే ఇది (క--) - ఖ. వెనక తగిలిన -- పాత విలువే ఇచ్చి, తర్వాత ఒకటి తగ్గిస్తుంది. క 7, ఖ 2 అయితే జవాబు 5, లైను అయ్యాక క 6. రాసినవాళ్ల మనసులో క - (--ఖ) ఉంటే వాళ్లకు 6 రావాలి. కంపైలర్‌కు మనసుతో పని లేదు, ఖాళీలతో పని. పెన్సిల్‌తో ఒక్కో ముక్క కింద చిన్న గీత గీయండి, ముందు అంతే చేయండి.

క--ఖ అని రాస్తే సీ, జావా, జావాస్క్రిప్ట్ ఒప్పుకోవు. క-- అయ్యాక, ఖకు మధ్య బండి ఏదీ మిగల్లేదు. అదే లైను పైథాన్‌లో రాస్తే హాయిగా 9 ఇస్తుంది. పైథాన్‌లో -- అనే గుర్తే లేదు, రెండు విడి మైనస్‌లుగా చదువుకుని క - (-ఖ) అనుకుంటుంది. ++ కూడా అంతే. జావా నుంచి పైథాన్‌కు కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి వైల్ లూపు చివర ++క అని రాసింది. ఎర్రర్ రాలేదు. క పెరగనూ లేదు. పైథాన్ దాన్ని +(+క) అని చదువుకుంది, ప్లస్ పెడితే సంఖ్య మారదు కదా. లూపు తిరుగుతూనే ఉంది, ల్యాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడు గదంతా వినపడింది. "మేడమ్, ఎర్రర్ లేదు కదా, మరి ఎందుకు ఆగట్లేదు?" అని ఆ అమ్మాయి పదిసార్లు అడిగింది. పైథాన్‌లో క += 1 అని రాయాలి.

సీలో ఇంకో ముక్కల సమస్య ఉంది. పి ఒక పాయింటర్, అంటే ఒక విలువ ఉన్న చోటును గుర్తుపెట్టుకునే వేరియబుల్. *పి అంటే ఆ చోట ఉన్న విలువ. క ని పి చూపించే విలువతో భాగించాలని క/*పి అని రాశారనుకోండి. ఆ /* దగ్గర కామెంట్ మొదలైపోతుంది, అక్కణ్ణుంచి ప్రోగ్రామ్ మాయమైపోతుంది. ఒక్క ఖాళీ వదిలి క / *పి అంటే సరిపోతుంది.

రెండో పని: ఇది ఏ బండి?

ముక్కలు వచ్చాయి. ఇప్పుడు ప్రతి మైనస్, ప్లస్, నక్షత్రం గుర్తు దగ్గర ఆగి, దాని ఎడమ పక్క ముక్క చూడండి. ఎడమ పక్కన సంఖ్య గానీ, పేరు గానీ, మూసిన బ్రాకెట్ గానీ, ఎద్దుకు వెనక తగిలిన ++, -- గానీ ఉంటే అది జోడెద్దుల బండి. ఎడమ పక్కన ఏమీ లేకపోయినా, ఇంకో ఆపరేటర్ ఉన్నా, తెరిచిన బ్రాకెట్ ఉన్నా, కామా ఉన్నా, అది ఒంటెద్దు బండి. కుడి పక్క చూడనక్కర్లేదు.

4 - -(2 - 5)

మొదటి మైనస్ ఎడమన 4 ఉంది: జోడు. రెండో మైనస్ ఎడమన మైనస్ ఉంది: ఒంటి. మూడో మైనస్ ఎడమన 2 ఉంది: జోడు. లోపల -3, దాని ముందు ఒంటి మైనస్ తగిలి 3, నాలుగులోంచి మూడు తీస్తే 1. సొంతంగా ఒక చిన్న కాల్‌క్యులేటర్ రాయాలనుకునే పిల్లలకు కూడా నేను ఇదే చెబుతాను. ప్రోగ్రామ్ కూడా ముందటి ముక్కను గుర్తుపెట్టుకుని ఈ ప్రశ్నే వేసుకుంటుంది.

ఒంటి మైనస్ ఏం చేస్తుందో చెప్పడానికి మా నాన్నగారి చిట్టా గుర్తుచేస్తాను. ఆయన మిర్చి మార్కెట్లో గుమాస్తాగా చేసేవారు. ఒకే 500 రూపాయలు ఆయన పుస్తకంలో జమ, అవతలివాళ్ల పుస్తకంలో ఖర్చు. ఒంటి మైనస్ అంటే పుస్తకం మార్చి చూడటం. రెండుసార్లు మారిస్తే మళ్లీ మన పుస్తకమే.

మూడో పని: బ్రాకెట్లు పెట్టడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. సీ, జావా, జావాస్క్రిప్ట్‌లలో వరస ఇది: వెనక తగిలిన ++, -- లకు ముందుగా బ్రాకెట్ పెట్టాలి. తర్వాత ముందు తగిలిన ఒంటెద్దు బండ్లకు, ఎద్దుకు దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టి బయటికి. ఆ తర్వాతే గుణకారం, కూడిక వంటి జోడెద్దుల వంతు. అందుకే సీలో *పి++ అంటే *(పి++). పాయింటర్ ముందుకు జరుగుతుంది, చేతికి మాత్రం పాత చోటు అందుతుంది. ఆ చోట ఉన్న విలువను పెంచాలంటే (*పి)++ అని రాయాలి.

ఈ వరస తెలియక నేనే దెబ్బతిన్నాను. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేసే రోజుల్లో, డెలివరీ కాని ఆర్డర్ల వాళ్లకు మెసేజ్ పంపే జావాస్క్రిప్ట్ కోడ్ నాకు ఇచ్చారు. స్థితి 2 అంటే డెలివరీ అయిపోయిందని అర్థం. షరతు ఇలా రాశాను (! అంటే "కాదు", == అంటే "సమానమేనా"):

!స్థితి == 2

నా మనసులో ఉన్నది "స్థితి 2 కాకపోతే". కంపైలర్ పెట్టుకున్న బ్రాకెట్ (!స్థితి) == 2. ఆశ్చర్యార్థకం తగిలిన దేనికైనా వచ్చేది నిజం లేదా అబద్ధం, లెక్కలో 1 లేదా 0. అది 2తో ఎప్పుడూ సమానం కాదు. అంటే ఆ షరతు ఎప్పటికీ నెరవేరదు. ఒక్క మెసేజ్ కూడా వెళ్లలేదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు. మెసేజ్ పంపే సర్వీసు పాడైందనుకుని ఒకటిన్నర రోజు దాని వెంట తిరిగాను, ఆ టెన్షన్‌లో రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. చివరికి కాగితం మీద ఆ లైను రాసి బ్రాకెట్ పెట్టగానే కనబడింది. !(స్థితి == 2) అన్నా సరే, స్థితి != 2 అన్నా సరే. ఆ రోజు నుంచే నా చేతిలో పెన్సిల్ ఉంది.

ఇదే మాట పైథాన్‌లో not స్థితి == 2 అని రాస్తే సరిగ్గానే పనిచేస్తుంది. పైథాన్‌లో నాట్ అనే మాట వంతు == తర్వాతే వస్తుంది కాబట్టి, అది మొత్తం పోలికకు తగులుతుంది. మన "కాదు" కూడా అలాంటిదే. "రాముడు, లక్ష్మణుడు ఇద్దరూ వచ్చారన్నది నిజం కాదు" అంటే, ఒక్కడైనా వచ్చి ఉండొచ్చు. "రాముడు రాలేదు, లక్ష్మణుడు రాలేదు" అంటే ఎవరూ రాలేదు. కాదు అన్నది దేనికి తగిలిందో తెలిస్తేనే అర్థం తెలుస్తుంది. కాబట్టి ఒక భాషలో అలవాటైన బ్రాకెట్ ఇంకో భాషకు మోసుకెళ్లొద్దు.

దీనికి ఇంకా గట్టి ఉదాహరణ ఘాతం. మైనస్ మూడు వర్గం ఎంత?

పైథాన్‌లో -3 ** 2 అని రాస్తే (** అంటే ఘాతం గుర్తు) -9. అక్కడ ఘాతం ముందు, మైనస్ తర్వాత: -(3 ** 2). మన పదో తరగతి లెక్కల పద్ధతీ ఇదే. ఎక్సెల్ గడిలో =-3^2 అని రాస్తే 9 వస్తుంది, అక్కడ ఒంటి మైనస్ ముందు తగులుతుంది. అదే ఎక్సెల్‌లో =0-3^2 అంటే -9, ఎందుకంటే ఇప్పుడు మైనస్‌కు ఎడమన సున్నా వచ్చి అది జోడెద్దుల బండి అయిపోయింది. జావాస్క్రిప్ట్ అయితే -3 ** 2 ని అసలు తీసుకోదు, బ్రాకెట్ పెట్టమని ఎర్రర్ ఇస్తుంది. ఈ మూడింటిలో నాకు నచ్చింది జావాస్క్రిప్ట్ నిర్ణయమే. రెండు రకాలుగా చదివే వీలున్న చోట రాసినవాళ్లనే అడగడం మర్యాద.

నాలుగో పని: లెక్క కట్టడం, ప్లస్ ప్లస్ దగ్గర ఆగడం

మిగతా ఒంటెద్దు బండ్లు విలువ ఇచ్చి ఊరుకుంటాయి. -క అన్నంత మాత్రాన క మారదు. ++, -- అలా కాదు, రెండు పనులు చేస్తాయి: చేతికి ఒక విలువ ఇస్తాయి, వేరియబుల్‌ను కూడా మారుస్తాయి. అందుకే వీటి దగ్గర కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒక గడిలో "చేతికి వచ్చింది", రెండో గడిలో "పెట్టెలో మిగిలింది".

ఆసుపత్రిలో చీటీలిచ్చే బల్ల దగ్గర నిలబడ్డారనుకోండి. అక్కడి బోర్డు మీద 5 ఉంది. ఆ అమ్మాయి మీకు 5 చీటీ ఇచ్చి, తర్వాత బోర్డు 6కు మార్చింది. ఇది క++. ఇంకో ఆసుపత్రిలో ముందు బోర్డు 6కు మార్చి, మీకు 6 చీటీ ఇచ్చింది. ఇది ++క. రెండు చోట్లా చివరికి బోర్డు మీద ఉన్నది 6. మీ చేతిలో చీటీయే వేరు. చీటీ ఎవరూ తీసుకోకపోతే, అంటే ఫర్ లూపులో మూడో భాగంలా విలువ ఎవరికీ అక్కర్లేని చోట, రెండింటికీ తేడా లేదు.

ఇప్పుడు పిల్లలు ఎక్కువగా అడిగే లైను, జావాలో:

క = క++;

క 5 అయితే, తర్వాత ఎంత? చీటీ మీద 5 రాసి చేతికిచ్చారు. బోర్డు 6 అయింది. ఇప్పుడు = గుర్తు తన పని చేస్తూ, చేతిలోని 5 తీసుకెళ్లి బోర్డు మీద పెట్టింది. కాబట్టి 5. ఆరు అయిన మాట నిజమే, ఆ ఆరును మనమే చెరిపేశాం.

సీలో ఈ లైనుకు జవాబు లేదు. ఒకే వేరియబుల్‌ను ఒకే వాక్యంలో రెండుసార్లు మారిస్తే ఏది ముందు జరగాలో సీ ప్రమాణం చెప్పదు. ఒక కంపైలర్ ఒకటిస్తుంది, ఇంకోటి ఇంకోటిస్తుంది. క++ + ++క కూడా అంతే. జావాలో ఎడమ నుంచి కుడికి కచ్చితంగా లెక్కకడుతుంది కాబట్టి 5 + 7, అంటే 12. సీలో దానికి 12 అనీ, 13 అనీ జవాబు ఇచ్చే ప్రశ్నపత్రాలు నేను ఎన్నో చూశాను. పరీక్ష రాసే పిల్లలకు నేను చెప్పేది: ఆప్షన్లలో "నిర్వచితం కాదు" అని ఉంటే అదే పెట్టండి, లేకపోతే జావా పద్ధతిలో లెక్క కట్టి పెట్టి వచ్చేయండి. ఉద్యోగంలో మాత్రం అలాంటి లైను రాయొద్దు. ఈ ప్రశ్నలు పరీక్షల్లోంచి పోవాలని నా గట్టి కోరిక.

ఈ ++ ఎక్కడిదో పిల్లలు అడుగుతుంటారు. సీ కంటే ముందు వచ్చిన బి భాషలో, దాన్ని తయారుచేసిన కెన్ థాంప్సన్ దీన్ని పెట్టాడు. పీడీపీ-11 యంత్రంలో ఆటో ఇంక్రిమెంట్ (వాడినప్పుడు విలువ తనంతట తానే పెరగడం) సౌకర్యం ఉంది కాబట్టి దానికోసమే పుట్టిందని చాలామంది చెబుతారు. అది పొరపాటని సీ భాష తయారుచేసిన డెనిస్ రిచీ 1993లో సీ పుట్టుక గురించి రాస్తూ స్పష్టంగా చెప్పాడు. ++ వచ్చేనాటికి పీడీపీ-11 ఇంకా లేదు. అంతకు ముందటి పీడీపీ-7లో అలాంటి మెమరీ గళ్లు కొన్ని ఉండేవి, వాటి నుంచి ఆలోచన తట్టి ఉండొచ్చు. క = క + 1 కన్నా ++క కు తక్కువ కోడ్ తయారవుతుందని థాంప్సన్ గమనించడమే పెద్ద కారణమని రిచీ మాట. ఇప్పటి భాషల్లో దీని మీద మోజు తగ్గింది. గో భాషలో క++ ఒక వాక్యమే, దాని విలువ ఎవరికీ ఇవ్వలేం. స్విఫ్ట్ 2016లో మూడో వెర్షన్‌తో దీన్ని తీసేసింది. రస్ట్ మొదటి నుంచీ పెట్టుకోలేదు.

టిల్డా గురించి కాస్త నిదానంగా

యంత్రం సంఖ్యను 0, 1 అంకెలుగా దాచుకుంటుంది, ఒక్కో అంకె ఒక బిట్. ~ అంటే ప్రతి బిట్‌నూ తిరగెయ్యడం. ~5 ఎంత అంటే పిల్లలు గాభరాపడతారు, జవాబు -6 అంటే ఇంకా గాభరాపడతారు. 8 బిట్లలో రాద్దాం. 5 అంటే 00000101. తిరగేస్తే 11111010. ఇప్పుడు రెండూ కూడండి: ఎక్కడ సున్నా ఉందో కింద అక్కడ ఒకటి ఉంది, కాబట్టి మొత్తం 11111111. ఆ అన్నీ ఒకట్ల సంఖ్యకు ఒకటి కలిపితే అన్నీ సున్నాలై, మిగిలిన ఒకటి బయటికి పోతుంది. ఒకటి కలిపితే సున్నా అయ్యేది ఏది? -1. అంటే క, ~క కూడితే ఎప్పుడూ -1. కాబట్టి ~క అంటే -క - 1. దీన్ని ఇలా రాబట్టుకుంటే బట్టీ పట్టనక్కర్లేదు.

దీన్నే తిప్పి చూస్తే ఒంటి మైనస్ లోపలి సంగతి తెలుస్తుంది: బిట్లు తిరగేసి ఒకటి కలపడమే. 8 బిట్లలో -128 అంటే 10000000. తిరగేస్తే 01111111, ఒకటి కలిపితే మళ్లీ 10000000. పుస్తకం మార్చినా లెక్క మారలేదు! 8 బిట్లలో 128 పట్టదు కాబట్టి ఇలా జరుగుతుంది. జావా పూర్ణాంకాల్లో -2147483648 కు ఇదే జరుగుతుంది, దాని ముందు మైనస్ పెట్టినా అదే సంఖ్య. పైథాన్ పూర్ణాంకాలకు హద్దు లేదు, అక్కడ ఈ బాధ లేదు.

జావాస్క్రిప్ట్‌లో ఒంటి ప్లస్‌కు కూడా పని ఉంది. ఫారంలోంచి వచ్చిన "5" అక్షరం, సంఖ్య కాదు. "5" + 3 అంటే "53". +"5" + 3 అంటే 8, ఎందుకంటే ముందున్న ఒంటి ప్లస్ అక్షరాన్ని సంఖ్యగా మార్చింది. ఖాళీగా వదిలేసిన పెట్టెకు ఇదే ప్లస్ పెడితే సున్నా వస్తుంది, అది గుర్తుంచుకోండి. మన తెలుగు అంకెలతో +"౫౦౦" అంటే జావాస్క్రిప్ట్ ఇది సంఖ్య కాదంటుంది. పైథాన్‌లో ఇంట్ (int) ఫంక్షన్‌కు అదే "౫౦౦" ఇస్తే చక్కగా 500 అని చదువుతుంది. మొదటిసారి అది చూసిన రోజు నాకు చాలా సంతోషమేసింది.

ఒక లైను చివరిదాకా

జావాలో, క విలువ 3:

-క++ * 2 + ~క

ముక్కలు: -, క, ++, *, 2, +, ~, క. మైనస్‌కు ఎడమన ఏమీ లేదు: ఒంటి. * ఎడమన ++ ముగిసిన ఎద్దు ఉంది: జోడు. + ఎడమన 2: జోడు. ~ ఎప్పుడూ ఒంటే. వెనక తగిలినదానికి ముందు బ్రాకెట్, తర్వాత ముందు తగిలినవాటికి, ఆపై గుణకారం:

((-(క++)) * 2) + (~క)

ఎడమ నుంచి మొదలుపెడదాం. క++ చేతికి 3 ఇచ్చింది, పెట్టెలో 4 మిగిలింది. మైనస్ తగిలి -3, రెండుతో గుణిస్తే -6. ఇప్పుడు కుడివైపు ~క. పెట్టెలో ఉన్నది 4 కాబట్టి ~4, అంటే -5. మొత్తం -11, చివరికి క 4. జావాస్క్రిప్ట్‌లోనూ ఇంతే వస్తుంది. మీకు -10 వచ్చి ఉంటే, రెండో గడిలో 4 రాయడం మరిచిపోయి ~3 లెక్కకట్టారన్నమాట. పెన్సిల్ తీసుకుని ఆ గడి గీసి మళ్లీ ఒకసారి చేయండి.